బెంచ్ చివరి కుర్చీ: ఎన్ఎఫ్ఎల్ ఫ్యాంటసీలో సీజన్ మధ్య వెయివర్ లెక్కలు

సోమవారం రాత్రి ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఆట ముగిసిన అరగంటలోపే ఫ్యాంటసీ లీగ్ వాట్సాప్ గ్రూపులో ఒకరు అడిగేస్తారు: "ఈ వారం వెయివర్లలో ఎవరున్నారు?" ఫ్రిస్కోలోనైనా, ఎడిసన్‌లోనైనా, గచ్చిబౌలిలో కూర్చుని అమెరికా టీముతో పనిచేస్తూ వాళ్ల ఆఫీసు లీగులో చేరినవాళ్లకైనా అదే ప్రశ్న. వెయివర్లలో ఉన్నవాళ్లంటే లీగులో ఎవరి జట్టులోనూ లేని ఆటగాళ్లు. అది సగం ప్రశ్నే. వచ్చేవాడి కోసం ఎవర్ని పంపించేయాలి అన్నది మిగతా సగం, దాన్ని అడిగేవాళ్లు చాలా తక్కువ. 7వ వారం నుంచి 14వ వారం దాకా ఫ్యాంటసీ ఫుట్‌బాల్ అంతా ఈ రెండో సగంలోనే ఉందని నా వాదన. మీ జట్టులోని మొదటి ఐదుగురూ వాళ్లంతట వాళ్లే ఆడుకుంటారు. బెంచ్ చివరి రెండు మూడు కుర్చీల్లో ఎవర్ని కూర్చోబెట్టాం, ఎంత త్వరగా లేపాం అన్నదాని మీదే డిసెంబర్ ఆధారపడి ఉంటుంది.

డ్రీమ్11 ఆడి ఇటు వచ్చినవాళ్లకు ఒక్క మాట. అక్కడ ప్రతి మ్యాచ్‌కీ కొత్త జట్టు, ఒకే ఆటగాడు లక్షలమంది జట్లలో ఉండొచ్చు. ఇక్కడ అలా కుదరదు. లీగులో ఒక ఆటగాడు ఒక్కరికే సొంతం, ఐపీఎల్ వేలంలో లాగా. 12 జట్లు, ఒక్కో జట్టుకు 15 మంది అనుకుంటే 180 మంది అప్పటికే ఎవరో ఒకరి చేతిలో ఉన్నారు. ఎన్ఎఫ్ఎల్‌లో ఉన్నవే 32 జట్లు. బాగా ఆడుతున్న రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) ఎవడూ అక్టోబర్ చివర్లో ఖాళీగా దొరకడు. దొరికేవాడు ఈరోజుకి విలువ లేనివాడు. ఏదో ఒకటి జరిగితే, అంటే ముందున్నవాడికి గాయమో, ట్రేడో, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) మార్పో అయితే, వాడికి విలువ వస్తుంది. కాబట్టి వెయివర్ పనంటే ఆ జరగబోయేదాన్ని మిగతా పదకొండుమందికన్నా ఒక వారం ముందు పసిగట్టడం.

స్కోరు చూసి మోసపోవడం

మంగళవారం ఉదయం ఇద్దరు రిసీవర్లు (విసిరిన బంతి పట్టేవాళ్లు) ఖాళీగా కనిపించారనుకోండి. మొదటివాడు 3 క్యాచ్‌లు, 88 గజాలు, ఒక టచ్‌డౌన్. క్యాచ్‌కు ఒక పాయింట్ ఇచ్చే పీపీఆర్ లీగులో 3 ప్లస్ 8.8 ప్లస్ 6, మొత్తం 17.8 పాయింట్లు. రెండోవాడు 4 క్యాచ్‌లు, 37 గజాలు, అంటే 7.7 పాయింట్లు. గ్రూపంతా మొదటివాడి మీద పడుతుంది. ఇప్పుడు పక్క గళ్లు చూడండి. రెండు జట్ల క్వార్టర్‌బ్యాక్‌లూ 38 సార్లు పాస్ కోసం వెనక్కి తగ్గారు. మొదటివాడు వాటిలో 12 సార్లే రూట్ (పాస్ అందుకోవడానికి పరుగెత్తే దారి) పరుగెత్తాడు, వాడి వైపు వచ్చిన బంతులు మూడే. రెండోవాడు 34 సార్లు రూట్ పరుగెత్తాడు, వాడి వైపు తొమ్మిది బంతులు వచ్చాయి. మొదటివాడిది ఒక్క ఆటలో, ఒక్క డిఫెండర్ జారిపడితే వచ్చిన పాయింట్లు. రెండోవాడిది కోచ్ కావాలని ఇచ్చిన పని. ఆ పని వచ్చే వారమూ ఉంటుంది, జారిపడిన డిఫెండర్ ఉండడు. నేనైతే ఆలోచించకుండా రెండోవాణ్ణి తీసుకుంటాను. పైగా గ్రూపంతా మొదటివాడి వెంట పడింది కాబట్టి వీడు చవగ్గా దొరుకుతాడు.

కోచ్ ఇస్తున్న పని కొలవడానికి మూడు నాలుగు అంకెలు చాలు. రిసీవర్ అయితే జట్టు పాస్ ఆటల్లో ఎన్నింటిలో రూట్ పరుగెత్తాడు, జట్టు విసిరిన బంతుల్లో ఎన్ని వీడి వైపు వచ్చాయి. మొదటిది 80 శాతం దాటి, రెండోది 20 శాతం దగ్గర్లో ఉంటే పాయింట్లు రాకపోయినా వదలకూడదు. టైట్ ఎండ్ (ఎదుటివాళ్లను అడ్డుకుంటూ పాసులూ పట్టేవాడు) అయితే 70 నుంచి 75 శాతం రూట్లు చాలు, ఆ స్థానంలో అంతకన్నా ఎక్కువ ఆశిస్తే ఎవరూ మిగలరు. రన్నింగ్ బ్యాక్ అయితే స్నాప్‌లలో, అంటే జట్టు దాడి ప్లేల్లో, వాటా, బంతి చేతికొచ్చిన సార్లు, అన్నిటికన్నా ముఖ్యంగా గోల్ లైన్ దగ్గర ఐదు గజాల లోపల బంతి ఎవరికిస్తున్నారన్నది. 55 శాతం స్నాప్‌లు, 15 సార్లు బంతి, గోల్ లైన్ పని ఈ మూడూ ఉన్నవాడు ఖాళీగా కనిపిస్తే ఉన్న బడ్జెట్‌లో సగం పెట్టినా తప్పులేదు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. స్కోరు 35-10 ఉన్నప్పుడు నాలుగో క్వార్టర్‌లో పెద్దవాణ్ణి కూర్చోబెట్టి రెండోవాడికి బంతి ఇస్తారు. ఆట ముగిశాక అంకెల్లో వాడి స్నాప్‌లు 45 శాతం కనిపిస్తాయి, ఏదో మార్పు వచ్చిందనిపిస్తుంది. మొదటి సగంలో స్నాప్‌లు విడిగా చూడండి. అక్కడ 20 శాతమే ఉంటే ఏ మార్పూ రాలేదు. పక్కవాడు రెండు సిరీస్‌లపాటు మెడికల్ టెంట్‌లో ఉన్నాడేమో కూడా చూసుకోవాలి.

ఒక వారం ముందు చూడడమంటే ఏమిటో 2021లో డెట్రాయిట్ చూపించింది. రూకీ (మొదటి సీజన్) రిసీవర్ అమోన్-రా సెయింట్ బ్రౌన్ 12వ వారం దాకా చాలా లీగుల్లో ఖాళీగానే ఉన్నాడు. థాంక్స్‌గివింగ్ ఆటలో రన్నింగ్ బ్యాక్ డి'ఆండ్రే స్విఫ్ట్ గాయపడ్డాడు, కొద్ది రోజులకే టైట్ ఎండ్ హాకెన్సన్ కూడా దూరమయ్యాడు. జట్టు వెనకబడే ఉంటుంది, పాసులు వేయక తప్పదు, బంతి పోవడానికి వేరే చోటు లేదు. చివరి ఆరు ఆటల్లో సెయింట్ బ్రౌన్ ప్రతి ఆటలోనూ ఎనిమిదికి తగ్గకుండా క్యాచ్‌లు పట్టాడు. మొదటి ఆట చూసి తీసుకున్నవాళ్లకు ఫ్యాంటసీ ప్లేఆఫ్స్ మొత్తం కలిసొచ్చాయి, "ఇంకో వారం చూద్దాం" అన్నవాళ్లకు దొరకలేదు.

క్వార్టర్‌బ్యాక్ మార్పునూ ఇలాగే చదవాలి. 2023 నవంబర్‌లో క్లీవ్‌ల్యాండ్ జో ఫ్లాకోను తెచ్చుకుంది. ఫ్లాకోను ఫ్యాంటసీలో క్వార్టర్‌బ్యాక్‌గా తీసుకోవాలా అని అందరూ చర్చించారు. అసలు లాభం వాడి బంతులు పట్టేవాళ్లలో ఉంది. వరసగా నాలుగు ఆటల్లో 300 గజాలు దాటించాడు, 16వ వారంలో హ్యూస్టన్ మీద రిసీవర్ అమారీ కూపర్ ఒక్కడే 265 గజాలు సాధించాడు. క్వార్టర్‌బ్యాక్ మారిన వారమే ఆ జట్టు రిసీవర్లనూ టైట్ ఎండ్‌నూ వెతకండి, రెండు వారాలయ్యాక కాదు.

ట్రేడ్ జరిగితే రెండు జట్లనూ చూడాలి. 2022 అక్టోబర్‌లో రన్నింగ్ బ్యాక్ క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ కరోలినా నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లాడు. అందరి కళ్లూ శాన్ ఫ్రాన్సిస్కో మీదే. కరోలినాలో ఖాళీ అయిన పని డాంటా ఫోర్‌మన్‌కి వచ్చింది. మొదటి వారం 118 గజాలు, రెండో వారం మళ్లీ 118, పైగా మూడు టచ్‌డౌన్లు. మనిషి వెళ్లిపోయినా పని అక్కడే ఉంటుంది, ఎవరో ఒకరు చేయాలి. 2024 నుంచి ఎన్ఎఫ్ఎల్ ట్రేడ్ గడువు 9వ వారం తర్వాతి మంగళవారానికి మారింది, తూర్పు సమయం సాయంత్రం 4 గంటలకు. చాలా లీగుల్లో వెయివర్లు తేలేది బుధవారం తెల్లవారుజామున. అంటే ఆ ఒక్క మంగళవారం గడువు ముగిశాక మీకు రాత్రంతా ఉంది. పొద్దున్నే బిడ్లు పెట్టేసి మర్చిపోకుండా సాయంత్రం ఇంకోసారి మార్చుకోండి. గచ్చిబౌలిలో ఉన్నవాళ్లకు అప్పటికి బుధవారం తెల్లవారుజాము 2:30. పొద్దున లేచి చూసుకున్నా, వెయివర్లు తూర్పు సమయం 3 గంటలకు తేలే లీగయితే మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాకా సమయం ఉంటుంది.

ఎవర్ని లేపాలి

9వ వారం మంగళవారం నాటి ఒక మామూలు బెంచ్ తీసుకుందాం. ఆరు కుర్చీలు. రెండో క్వార్టర్‌బ్యాక్, రెండో టైట్ ఎండ్, రెండో డిఫెన్స్ (ఒక ఎన్ఎఫ్ఎల్ జట్టు రక్షణ విభాగం మొత్తం), డ్రాఫ్టులో నాలుగో రౌండులో తీసుకున్న పేరున్న రిసీవర్, ముగ్గురు కలిసి పరుగెత్తే జట్టులో ఆటకు ఎనిమిది సార్లు బంతి అందుకునే సీనియర్ రన్నింగ్ బ్యాక్, స్టార్టర్ వెనక నిలబడ్డ రూకీ రన్నింగ్ బ్యాక్.

ఎవర్ని వదలాలని అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది రూకీ అంటారు, వాడికి పాయింట్లే లేవు కాబట్టి. నేను చివరిదాకా ఉంచుకునేది వాణ్ణే. ఈ ఆరుగురిలో ఒక్క గాయంతో వారానికి 15 పాయింట్లు ఇవ్వగలిగేది వాడొక్కడే. సీనియర్ బ్యాక్ బాగా ఆడిన రోజు తొమ్మిది పాయింట్లు, ఆడని రోజు నాలుగు. ముందున్నవాడికి గాయమైనా పని మిగతా ఇద్దరూ పంచుకుంటారు, వీడిది ఎనిమిది నుంచి పదకొండుకు పెరుగుతుంది. మీ సొంత స్టార్టర్ల బై వారం (వాళ్ల జట్టుకు ఆట లేని వారం) వస్తే తప్ప వాణ్ణి ఆడించే పరిస్థితి రాదు.

ఒక్క క్వార్టర్‌బ్యాక్‌నే ఆడించే లీగులో రెండో క్వార్టర్‌బ్యాక్ కుర్చీ వృథా. మీ స్టార్టర్ బై వారానికి ముందు మంగళవారం ఒకణ్ణి తెచ్చుకుంటే సరిపోతుంది, ఆ స్థానంలో వెయివర్లలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లను దించొచ్చు కాబట్టి వాళ్లకు కొరత ఉండే సూపర్‌ఫ్లెక్స్ లీగుకు ఈ మాట వర్తించదు, అక్కడ ముగ్గుర్ని ఉంచుకోవాలి. రెండో టైట్ ఎండ్‌కూ అదే లెక్క, వాడికి రూట్లు పెరుగుతుంటే తప్ప.

ఇక పేరున్న రిసీవర్. ఇక్కడే మనసు ఒప్పదు. నాలుగో రౌండు పెట్టాం, నిరుడు వెయ్యి గజాలు దాటాడు, ఎప్పుడో ఒకప్పుడు అందుకుంటాడు. బంగారు కత్తి అని మెడ కోసుకోం కదా. ఆటకు నాలుగు బంతులే వస్తున్నాయి, రూట్లు 85 నుంచి 65 శాతానికి పడిపోయాయి అంటే ఆ రౌండు సంగతి మర్చిపోవలసిందే. అయితే ఇలాంటివాణ్ణి వెయివర్లకు వదిలేసే ముందు ఒక రోజు ట్రేడ్ ప్రయత్నం చేయాలి. పేరుకు ఇంకా విలువ ఉంటుంది, అవతలివాళ్లకు రిసీవర్ గాయాలుంటే మరీను. రూట్లు 85 దగ్గరే నిలబడి బంతులు మాత్రం తగ్గితే అది వేరే సంగతి. క్వార్టర్‌బ్యాక్ ఆడడంలో ఇబ్బందో, వరసగా గట్టి డిఫెన్సులు తగలడమో కారణం. అలాంటివాణ్ణి ఉంచండి.

నేను వాడే పరీక్ష రెండు ప్రశ్నలు. వచ్చే మూడు వారాల్లో ఇతణ్ణి ఆడించే పరిస్థితి ఏదైనా ఊహించగలనా? నేను వదిలేస్తే ఇంకొకరు ఇతణ్ణి నా మీదే ఆడించగలరా? రెండింటికీ కాదు అని వస్తే ఆ కుర్చీ ఖాళీ అయినట్టే. మొదటిదానికి కాదు, రెండోదానికి అవును అని వస్తే ట్రేడ్ చేయాలి, వదలకూడదు.

బై వారం కోసం మంచివాణ్ణి వదిలేయడం ఈ కాలంలో జరిగే అతి పెద్ద నష్టం. బై వారాలు 5వ వారం నుంచి 14 దాకా నడుస్తాయి. 2024లో 12వ వారంలో ఆరు జట్లు, 14వ వారంలో మళ్లీ ఆరు జట్లు ఆడలేదు. ఆ 14లో లామార్ జాక్సన్, డెరిక్ హెన్రీ, జేడెన్ డేనియల్స్, జో మిక్సన్, నికో కాలిన్స్, జొనాథన్ టేలర్ ఒకేసారి కూర్చున్నారు. చాలా లీగుల్లో రెగ్యులర్ సీజన్‌కి అదే ఆఖరి వారం. ఇది మే నెలలోనే కనిపించే విషయం, షెడ్యూల్ అప్పుడే వస్తుంది. 9వ వారంలోనే ఒక కాగితం మీద 10 నుంచి 14 దాకా మీ స్టార్టర్లలో ఎవరెవరు ఏ వారం ఉండరో రాసుకోండి. ఏ వారంలోనైనా ముగ్గురికన్నా ఎక్కువ లేకపోతే, దాన్ని ఇప్పుడే ట్రేడ్‌తో సర్దుకోండి లేదా ఆ వారం ఓటమి ఒప్పుకోండి. ఒప్పుకున్న ఓటమిలోనూ పాయింట్లు వదులుకోవద్దు. గెలుపులు సమానమైతే చాలా లీగుల్లో మొత్తం పాయింట్లే చూస్తారు.

డబ్బు దాచుకుని ఏం చేస్తారు

వెయివర్ బడ్జెట్ ఉన్న లీగులో అందరికీ మొదట ఆట కోసమే ఉండే 100 డాలర్లు ఇస్తారు, నిజం డబ్బు కాదు. రహస్యంగా బిడ్ వేస్తాం, ఎక్కువ వేసినవాళ్లకు ఆటగాడు, వేసినంతా కట్టాలి. సీజన్ ముగిశాక మిగిలిన డాలర్‌కు విలువ సున్నా. ఇది అందరికీ తెలుసు, అయినా నవంబర్ చివర్లో 60 డాలర్లతో నిలబడ్డ జట్లు ప్రతి లీగులోనూ కనిపిస్తాయి. 7వ వారంలో తెచ్చుకున్న స్టార్టర్ పది వారాలు ఆడతాడు, 13వ వారంలో తెచ్చుకున్నవాడు నాలుగు వారాలే. ధర ఒకటే అయినా మొదటివాడు రెండున్నర రెట్లు చవక. 10వ వారానికల్లా ముప్పావు వంతు ఖర్చయిపోవాలంటాను. పది పన్నెండు డాలర్లు మాత్రం డిసెంబర్‌కి అట్టిపెట్టుకోండి. అప్పటికి సగం జట్ల దగ్గర ఒకటో రెండో ఉంటాయి, ఐదు డాలర్లు కూడా పెద్ద బిడ్ అవుతుంది.

బిడ్ ఎంత వేయాలన్నది ఆటగాణ్ణి చూసి కాదు, అవతలివాళ్ల జేబులు చూసి తేల్చాలి. ఎవరి దగ్గర ఎంత మిగిలిందో లీగ్ పేజీలోనే కనిపిస్తుంది. మీ దగ్గర 41 ఉంది, మీ తర్వాత ఎక్కువున్నవాళ్ల దగ్గర 34. అంటే 35 వేస్తే ఎవరూ మిమ్మల్ని దాటలేరు, 36వ డాలర్ నుంచి వృథా. ఇంకాస్త లోపలికి వెళ్లండి. ఆ 34 ఉన్న జట్టుకు ఇప్పటికే ముగ్గురు మంచి రన్నింగ్ బ్యాక్‌లున్నారు, వాళ్లు ఈ ఆటగాడి కోసం అంత పెట్టరు. తర్వాతి జట్టు దగ్గర 22. ఇప్పుడు 23 చాలు. మనుషులు 10, 15, 20 లాంటి గుండ్రటి అంకెలు వేస్తారు. 11, 16, 21 వేస్తే ఆ ఒక్క డాలర్ చాలాసార్లు పని చేస్తుంది. సమానమైతే వెయివర్ వరసలో ముందున్నవాళ్లకు వెళ్తుంది.

క్లెయిములు (వెయివర్లలోని ఆటగాణ్ణి కోరే అభ్యర్థనలు) పెట్టే తీరులోనే చాలామంది దెబ్బతింటారు. మీకు ఒక రన్నింగ్ బ్యాక్ కావాలి, ముగ్గురు అందుబాటులో ఉన్నారు. ముగ్గురికీ క్లెయిము పెట్టండి, ఇష్టం ప్రకారం వరస పెట్టండి, మూడింటిలోనూ వదిలే ఆటగాడు ఒక్కడే ఉండాలి. మొదటిది దొరికితే వదిలేవాడు వెళ్లిపోయాడు కాబట్టి మిగతా రెండూ వాటంతట అవే రద్దవుతాయి. మూడు క్లెయిముల్లో ముగ్గురు వేరువేరు మనుషుల్ని పెడితే మూడూ దొరికిపోయి, బుధవారం పొద్దున చూసేసరికి బెంచ్‌లో సగం మారిపోయి ఉంటుంది. బడ్జెట్ లేకుండా వరస మాత్రమే ఉండే లీగులో మొదటి స్థానాన్ని ఒక వారం డిఫెన్స్ కోసం ఖర్చు చేయకండి. బుధవారం వెయివర్లు తేలాక మిగిలినవాళ్లు ఉచితం, డిఫెన్సులు, కిక్కర్లు అప్పుడు తీసుకోవచ్చు.

వెనక నిలబడ్డవాళ్లు

సొంత స్టార్టర్ వెనక ఉన్న రన్నింగ్ బ్యాక్‌ను ఉంచుకోవాలా, ఇతరుల స్టార్టర్ వెనక ఉన్నవాణ్ణా? నవంబర్ చివరి దాకా ఇతరులవాణ్ణే అంటాను. మీ స్టార్టర్ పడిపోయి వెనకవాడు లేస్తే మీకు ఉన్న గొయ్యి పూడుతుంది, అంతే. పక్క జట్టు స్టార్టర్ పడిపోయి వెనకవాడు మీ దగ్గర ఉంటే మీది ఏమీ పోకుండా ఒక స్టార్టర్ వచ్చాడు. 13వ వారం తర్వాత లెక్క మారుతుంది. ట్రేడ్ గడువు దాటిపోతుంది, బై వారాలు ముగింపుకొస్తాయి, అదనపు బలం కన్నా ఉన్నది నిలబెట్టుకోవడం ముఖ్యం. అప్పుడు సొంతవాణ్ణి తెచ్చుకోండి.

అయితే జట్టు పట్టికలో రెండో పేరు ఉన్నంత మాత్రాన పని వాడికే వస్తుందనుకోవద్దు. 2023లో 6వ వారంలో రామ్స్ రన్నింగ్ బ్యాక్ కైరెన్ విలియమ్స్ అరిజోనా మీద 158 గజాలు పరుగెత్తి చీలమండ గాయంతో దూరమయ్యాడు, అదే ఆటలో రానీ రివర్స్ కూడా. మిగిలింది రూకీ జాక్ ఎవాన్స్, ఆ మంగళవారం డబ్బంతా వాడి మీద పడింది. తర్వాతి ఆదివారం బంతి పట్టుకుని పరుగెత్తింది మాత్రం అప్పుడే తిరిగొచ్చిన డారెల్ హెండర్సన్, రాయిస్ ఫ్రీమన్. పాస్ ఆటల్లో క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడటం నేర్చిన సీనియర్‌ను కోచ్‌లు నమ్ముతారు, రూకీని నమ్మరు. బిడ్ వేసే ముందు ఆ జట్టు మంగళ, బుధవారాల్లో ఎవర్నైనా ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి (రిజర్వు ఆటగాళ్ల బృందంలోకి) తెచ్చిందా అన్నది చూడాలి. తెచ్చిందంటే మీ రూకీ మీద వాళ్లకే నమ్మకం లేదు. 2024లో శాన్ ఫ్రాన్సిస్కోది ఇందుకు వ్యతిరేకమైన కథ. 13వ వారం బఫెలో మంచులో మెక్‌కాఫ్రీ, జోర్డన్ మేసన్ ఇద్దరూ ఒకే రాత్రి పడిపోయారు. మూడోవాడు ఐజాక్ గెరెండో తర్వాతి వారం బేర్స్ మీద రెండు టచ్‌డౌన్లు చేశాడు.

ఖర్చు లేని ఉపాయం ఒకటి. ఆదివారం మొదటి ఆటలు మొదలయ్యే గంట ముందు మీ బెంచ్ చివరి కుర్చీలోని పనికిరానివాణ్ణి వదిలి, ఆ మొదటి ఆటల్లో ఒక స్టార్టర్ వెనక నిలబడ్డవాణ్ణి కూర్చోబెట్టండి. ఆటలో స్టార్టర్ గాయపడితే మంగళవారం అందరూ 30 డాలర్లు పెట్టేవాడు మీ దగ్గర ఉచితంగా ఉన్నాడు. ఏమీ జరగకపోతే మంగళవారం వాణ్ణే క్లెయిములో వదిలేయండి. వదలదలచినవాడి ఆట అప్పటికే మొదలైతే లాక్ అయిపోతాడు, కాబట్టి ఇది ఆట మొదలవకముందే జరగాలి.

ఐఆర్ (ఇంజ్యూర్డ్ రిజర్వ్, గాయపడ్డవాళ్లది) కుర్చీ కూడా ఇలాంటిదే. ఎన్ఎఫ్ఎల్‌లో ఇంజ్యూర్డ్ రిజర్వ్‌కి పంపినవాడు కనీసం నాలుగు ఆటలు ఆడకూడదు. తిరిగి ప్రాక్టీస్‌కి దింపితే 21 రోజుల గడువు మొదలవుతుంది, ఆలోపు జట్టులోకి తీసుకోవాలి. ఆ గడువు మొదలైందన్న వార్తే మీకు సంకేతం, ఆడే వారం దాకా ఆగితే ఆలస్యం. పైన చెప్పిన కైరెన్ విలియమ్స్ 12వ వారంలో తిరిగొచ్చి, మళ్లీ అరిజోనా మీదే, 143 గజాలు పరుగెత్తాడు, ఇంకో 61 గజాలు క్యాచ్‌ల మీద, రెండు టచ్‌డౌన్లు. పన్నెండు ఆటలే ఆడినా ఆ ఏడాది 1,144 గజాలతో ముగించాడు. ఓడిపోతున్న జట్లు ఇలాంటివాళ్లను నవంబర్ మొదట్లో భరించలేవు. 2-6 (రెండు గెలుపులు, ఆరు ఓటములు) జట్టుకు ఈ ఆదివారం గెలుపు కావాలి, 6-2 జట్టు నెల ఆగగలదు. మీది 6-2 అయితే గాయపడ్డ మంచి ఆటగాళ్లను 2-6 జట్ల నుంచి అడగండి, ఈ ఆదివారం ఆడే ఇద్దరు మామూలువాళ్లను ఇచ్చి. ఇద్దరికీ మేలే, పైగా మీకో కుర్చీ ఖాళీ అవుతుంది.

ఐఆర్‌తో వచ్చే చిక్కు: అక్కడ కూర్చున్నవాడు కోలుకుని జట్టులోకి వచ్చాక కూడా మీరు కదపకపోతే, చాలా ప్లాట్‌ఫాంలలో మీ రోస్టర్ చెల్లనిది అయిపోయి కొత్త క్లెయిములేవీ సాగవు. మంగళవారం రాత్రి పడుకునే ముందు ఐఆర్ గడిలో ఎర్ర గుర్తు ఇంకా ఉందో లేదో చూసుకోండి.

గడియారం

గాయాల నివేదికలు ఆదివారం ఆటకు బుధ, గురు, శుక్ర మూడు రోజులూ వస్తాయి. బుధవారం ప్రాక్టీస్ చేయకపోతే కంగారు అక్కర్లేదు, సీనియర్లకు ఆరోజు విశ్రాంతి ఇస్తారు. బుధవారం లేదు, గురువారం కొంత, శుక్రవారం పూర్తిగా అంటే ఆడతాడు. బుధవారం పూర్తిగా చేసి శుక్రవారం కొంతే చేస్తే అది చెడు గుర్తు, వారం మధ్యలో ఏదో అయింది. క్వశ్చనబుల్ (ఆడేది అనుమానం) అన్న మాటకన్నా ఈ మూడు రోజుల వరస నమ్మదగ్గది. ఆడనివాళ్ల ఖరారు జాబితా ఆటకు 90 నిమిషాల ముందు వస్తుంది.

ఇండియాలో ఉండి ఆడేవాళ్లు సరిగ్గా సీజన్ మధ్యలో తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆదివారం తూర్పు సమయం ఒంటిగంట ఆటలు అక్టోబర్‌లో మనకు రాత్రి 10:30. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారం వెనక్కి జరుగుతుంది, ఆరోజు నుంచి 11:30. జాబితా చూడాల్సిన సమయం 9 నుంచి 10కి మారుతుంది. గురువారం రాత్రి ఆట మనకు శుక్రవారం ఉదయం 5:45, తర్వాత 6:45. లండన్, జర్మనీ ఆటలు తూర్పు సమయం ఉదయం 9:30కి మొదలవుతాయి. మనకు సాయంత్రమే కాబట్టి ఇబ్బంది లేదు, కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు ఉదయం 6:30. ఆ వారం లైనప్ శనివారం రాత్రే తేల్చుకోవాలి.

ఏ కాలమానంలో ఉన్నా ఒక అలవాటు చేసుకోండి. గురువారం ఆడేవాణ్ణి ఫ్లెక్స్ గడిలో పెట్టవద్దు. ఫ్లెక్స్‌లో రన్నింగ్ బ్యాక్, రిసీవర్, టైట్ ఎండ్ ఎవర్నైనా పెట్టొచ్చు. దాన్ని గురువారమే నింపేస్తే, ఆదివారం ఒక రిసీవర్ ఆఖరి నిమిషంలో తప్పుకుంటే వాడి చోట రిసీవరే రావాలి. ఫ్లెక్స్‌ను సోమవారం రాత్రి ఆడేవాడికి వదిలేస్తే ఎవర్నైనా దించొచ్చు.

డిఫెన్స్, కిక్కర్ల మీద ఎక్కువ మాటలు అవసరం లేదు. ఇద్దరు కిక్కర్లను ఎప్పుడూ ఉంచుకోవద్దు. డిఫెన్స్‌ను ఎంచుకునేటప్పుడు దాని బలం కన్నా ఎదుటి క్వార్టర్‌బ్యాక్ బలహీనత చూడండి. బెట్టింగ్ లైన్లు ఇందుకు పనికొస్తాయి. రెండు జట్ల పాయింట్లు మొత్తం 42, మీ డిఫెన్స్ ఉన్న జట్టుకు 7 పాయింట్ల మొగ్గు అంటే ఎదుటి జట్టు 17.5 చేస్తుందని అంచనా. 18 లోపు కనిపిస్తే తీసుకోండి. వచ్చే వారపు డిఫెన్స్‌ను ఈ వారమే ఉచితంగా తెచ్చుకోవచ్చు. 13వ వారం నుంచి 15, 16, 17ల ఆటలు చూసి రెండు డిఫెన్సులు పట్టుకోండి, అప్పటికి బెంచ్‌లో కుర్చీలకు వేరే పని ఉండదు. డిసెంబర్‌లో మంచు కన్నా గాలికి భయపడాలి. 2021 డిసెంబర్ 6న బఫెలోలో వీచిన గాలికి న్యూ ఇంగ్లండ్ క్వార్టర్‌బ్యాక్ మ్యాక్ జోన్స్ ఆట మొత్తంలో మూడే పాసులు వేశాడు, అయినా 14-10తో గెలిచారు. గంటకు 20 మైళ్లు దాటిన గాలి ఉంటే దూరపు బంతుల రిసీవర్‌నూ కిక్కర్‌నూ దించకండి. మంచు మాత్రమే అయితే ఆడించండి.

17వ వారం ఫైనల్‌కు చేరితే బెంచ్‌ను రేపటి కోసం అట్టిపెట్టే పని ముగిసింది. వచ్చే వారం అనేది లేదు. ఎదుటివాళ్ల లైనప్ తెరిచి చూడండి. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ క్వశ్చనబుల్ అయి బెంచ్‌లో రెండోవాడు లేకపోతే, ఖాళీగా ఉన్నవాళ్లలో మేలైన ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లను శనివారం రాత్రే మీరు తీసేసుకోండి. వాళ్ల డిఫెన్స్‌కు గట్టి జట్టు ఎదురైతే, వాళ్లు మారుదామనుకునే డిఫెన్స్‌నూ తీసుకోండి. ఇది మోసం కాదు, ఆ కుర్చీలు మీవే. సీజనంతా ఏ రూకీ కోసం కాపాడారో, ఆ రోజు వాడి ముందున్నవాడు ఆరోగ్యంగా ఉంటే, వదిలేయవలసింది ఆ రూకీనే.